పైగాటు

ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగిన జగన్నాధం చంకలో పొడుగాటి రేకు గొట్టం చూసి జట్కావాడు, "ఏటి బాబూ, సన్నాయి నేర్సుకుంతన్నావా?" అని అడిగాడు. జగన్నాధం నవ్వాడు. ఊరు చేరేదాకా గొట్టాన్ని మాత్రం ఒళ్ళోంచి దించలేదు.

అందులో ఉన్నది నాగావళి కుడిగట్టు పటం. వాల్తేరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతూ రెండు నెలలు వంచిన నడుం ఎత్తకుండా గీసింది. ఐక్యరాజ్యసమితి వాళ్ళ జలదశాబ్ది పేరు మీద యూనివర్సిటీ, హాలండు దేశపు సంస్థ ఒకటీ కలిసి నాగావళి వరదలకి మందు వెతుకుతున్నాయి. సముద్రానికే గట్టు కట్టి నిలబెట్టిన వాళ్ళకి నాగావళి ఒక లెక్కా అని ప్రొఫెసరు జానకిరామయ్యగారి ధీమా. పద్ధతి కూడా హాలండు వాళ్ళదే. ఊరూరా తిరిగి, నాలుగేళ్ళ కిందటి వరద ఎంత ఎత్తున నిలిచిందో గోడల మీది గుర్తులు కొలిచి రాయాలి. నడుంలోతు మునిగిన ఇళ్ళన్నీ కరకట్టకి లోపల ఉంటాయి. గుర్తులు లేని చోటు కట్టకి అవతల, ఏటి వైపు మిగిలిపోతుంది.

గెడ్డవలస సొంతూరు కాబట్టి వేసవి మొదట్లో జగన్నాధమే వచ్చి కొలిచాడు. ఊరివీధిలో పదకొండు ఇళ్ళకి గుర్తులున్నాయి. అన్నీ మూడున్నర, నాలుగు అడుగుల మధ్య. ఏటి ఒడ్డున తాటిచెట్లు ఎక్కి, తాటిబెల్లం కాచుకుని బతికే యాతపేటకి ఎదురుగా "గుర్తులు లేవు" అని రాశాడు. ఆ లెక్కన కరకట్ట ఊరివీధి వెనకనుంచే పోతుంది. పటంలో ఆ ఎర్రగీత చూసి ప్రొఫెసరుగారు వీపు తట్టారు. ఎల్లుండి హాలండు ఇంజనీరు యాన్సెన్ స్వయంగా వచ్చి, గీత వెంబడి జెండాలు పాతిస్తాడు. ఈలోగా ఒకసారి సరిచూసుకోమని జగన్నాధాన్ని ముందు పంపించారు. సరిచూడ్డానికి ఏముంది, నాలుగు పూటలు అమ్మ చేతి అన్నం తినొచ్చు అనుకునే వచ్చాడు.

ఇంటికొచ్చేసరికి తల్లి దేముడమ్మ వీధిగోడ అలుకుతోంది. అమ్మవారి పండగ వారంలోకి వచ్చేసింది. ఎర్రమట్టీ పేడా కలిపిన తట్ట పక్కన పెట్టుకుని, అరచెయ్యి పరిచి గుండ్రంగా తిప్పుతూ పైనుంచి కిందకి వస్తోంది. ఆ చేతి కింద గంగమ్మ బొట్టు సగం చెరిగిపోయింది.

వరద తీసిన మర్నాడు ఇంటి ఇల్లాలు నీరొచ్చిన గోడకి పసుపు రాసి, కుంకం పెట్టి, ఏటికి రవికెగుడ్డ వదిలి గంగమ్మని సాగనంపుతుంది. గోడ అలికినప్పుడల్లా ఆ బొట్టు మళ్ళీ పెడతారు. జగన్నాధం ఊళ్ళో కొలిచినవి ఈ బొట్లే.

"అమ్మా, ఆగు. బొట్టున్న సోటు పోతాది," అన్నాడు.

"పోతే పోతాది. మళ్ళీ ఎట్టుకోలేనేటి? నువ్వు కాళ్ళు కడుక్కో."

అలకడం అయ్యాక దేముడమ్మ చేతులు కడుక్కుని, పసుపుగిన్నెలో మూడు వేళ్ళు ముంచి, వంగకుండా, పెద్దగా చూడను కూడా చూడకుండా, చెయ్యి చాపితే ఎక్కడ ఆనిందో అక్కడ అద్దింది. దాని మీద కుంకం పెట్టి దండం పెట్టుకుంది.

జగన్నాధం సరదాకే టేపు తీశాడు. వేసవిలో ఇదే బొట్టు మూడడుగుల ఎనిమిదంగుళాలు. ఇప్పుడు నాలుగడుగుల ఒకటి.

"అమ్మా, అయిదంగుళాలు పైకెల్లిపోయింది."

"అయితేటి? పండగొస్తే తల్లి ఎదుగుతాది."

"అది కాదు. నాలుగేళ్ళ కిందట నీళ్ళు ఇక్కడికి వచ్చాయా, రాలేదా?"

దేముడమ్మ కొడుకుని ఎగాదిగా చూసి నవ్వింది. "ఇక్కడికొస్తే నానుండేదాన్నేట్రా? రెండో మెట్టు మునిగి గుమ్మం ముట్టుకున్నాయి. అంతే. వంటింట్లో పొయ్యి ఆరనేదు. యాతపేటోళ్ళు తడిసిపోయి మన పశువులసాల్లో కూకుంటే, రెండు డేగిసాలు గంజి కాసింది నాను కాదేటి?"

ఆ వరదకి జగన్నాధం విజయనగరం హాస్టల్లో ఉన్నాడు.

"మరి బొట్టు ఇంత ఎత్తున ఎందుకు పెట్టావు?"

"గంగమ్మ తల్లిని కాళ్ళ కాడ ఎడతారేట్రా? కుక్కలు తగుల్తాయి. ఎంగిలి నీళ్ళు పడతాయి. నడుం కింద దేవతని ఎవలెడతారు? సదువుకున్నావు, అదీ తెలీదేటి?"

జగన్నాధం ఎదురింటికి వెళ్ళాడు. నారాయణమ్మ పొట్టి మనిషి. ఆవిడ బొట్టు మూడున్నర అడుగుల్లో ఉంది. గుండెకి ఎదురుగా పెట్టాలని వాళ్ళత్త చెప్పిందట. సందు మొదట్లో లక్ష్మణమ్మ పొడుగు మనిషి, ఆవిడది సరిగ్గా నాలుగడుగులు. మూడో ఇంటికి వెళ్ళాల్సిన పని లేకపోయింది. తను కొలిచి, పట్టిక వేసి, సగటు తీసి ప్రొఫెసరుగారి చేత శభాష్ అనిపించుకున్నది నాగావళి ఎత్తు కాదు, గెడ్డవలస ఆడవాళ్ళ ఎత్తు. పరాయి ఊరివాడైతే ఒక్క మాట అడిగి ఉండేవాడు. ఇంట్లో పుట్టినవాడు కాబట్టి అడగలేదు.

యాతపేట సంగతి తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. వేసవిలో అక్కడ పావుగంట కూడా లేడు. పేట మొదట్లో నిలబడి, అన్నీ తాటాకు దడులే కదా అని చూసి, రాసేసి వచ్చేశాడు.

తండ్రి అప్పలసూరి గెడ్డపొలంలో గట్లు చెక్కుతున్నాడు. ఊరివీధికీ యాతపేటకీ మధ్య ఉన్న పల్లపు పొలం అది. వరద వచ్చిన ప్రతిసారీ ఒండ్రు పోసి పోతుంది కాబట్టి దానికి పెంట తోలే పని లేదు. ఎర్రగీత ప్రకారం కట్ట ఈ పొలాన్ని తాకదు. ఒండ్రు రావడమూ ఆగదు. ఆ మాట విన్నప్పటినుంచీ అప్పలసూరి కొడుకు చదువు గురించి బొబ్బిలి సంతదాకా చెప్పుకుంటున్నాడు.

"నాన్నా, ఆ గీత తప్పు," అన్నాడు జగన్నాధం.

"ఎవడు గీసేడు?"

"నేనే."

"మరింకేటి?" అని అప్పలసూరి పార ఆపలేదు. జగన్నాధం బొట్ల సంగతి చెప్పాడు. ఊరు మోకాటిలోతు కూడా మునగలేదనీ, మునిగింది పేట అనీ, కట్ట పేటకి ముందు, ఏటివైపునుంచి రావాలనీ చెప్పాడు. అప్పుడు పార ఆగింది.

"ముందునుంచి రావాలంటే ఎటునుంచి వస్తాదో తెలుసా?" అప్పలసూరి నాలుగడుగులు వేసి, పార అంచుతో పొలం నడిమధ్య ఒక చార గీశాడు. "ఇటునుంచి వస్తాది. ఊరెనకనుంచి పేట ముందుకి తిరగాలంటే కట్ట ఈ పొలం కోసుకునే పోవాలి. మా అయ్య తుప్పలు కొట్టి, ఎద్దుల్తో పాటు కాడి లాగి సేసిన పొలంరా ఇది. పేటకి గుర్తుల్లేవని నువ్వే రాసేవు. నాను రాయమన్నానా? ఊరోళ్ళం ఎవలమైనా అడిగేమా?"

"లేదు. నేనే రాశాను."

"పేటోళ్ళకేటి, నీళ్ళొస్తే మన సాలల్లోకి వస్తారు. ఏనాడైనా వొద్దన్నామా?"

"మధ్యని కట్ట ఉంటే ఎలగొస్తారు నాన్నా? ఇటు రాకుండా ఆపిన నీరంతా ఆళ్ళ మీదే లేస్తాది."

అప్పలసూరి ఏటివైపు చూశాడు. తాటిచెట్ల మధ్య పేట కప్పులు కనిపిస్తున్నాయి. పారకి అంటుకున్న మట్టి కాలితో గీశాడు.

"ఎల్లుండి దొరొచ్చినప్పుడు నీ పుస్తకంలో ఏటుందో అదే సదువు. కొత్త కూతలు కుయ్యకు."

తండ్రి చెయ్యెత్తి కొట్టే మనిషి కాడు. మాట్లాడ్డం మానేస్తాడు. చిన్నప్పుడు ఒకసారి కోపం వచ్చి ఆర్నెల్లు మాట్లాడలేదు. జగన్నాధానికి ఆ భయం ఇంకా పోలేదు. దానికి తోడు ప్రొఫెసరుగారికి ఏం చెప్పాలి? పదకొండు అంకెలూ తప్పని ఒప్పుకుంటే పట్టా మాట దేవుడెరుగు, మళ్ళీ ఆ గది గడప తొక్కనిస్తారా?

మర్నాడు పొద్దున్నే కొలతబద్ద పట్టుకుని యాతపేటకి వెళ్ళాడు. మొదటి గుడిసె ముందు అసిరమ్మ తాటాకు చాప అల్లుతోంది. అరవై దాటిన మనిషి. చేతులు పనిలోనే ఉన్నాయి.

"ఏసంగిలో వొచ్చి సూసెల్లిపోయేవు కదా బాబూ," అంది. "ఏటీ అడగనేదు."

"ఇప్పుడు అడగడానికే వచ్చాను. ఆ వరదకి నీళ్ళు ఎంతవరకు వచ్చాయి?"

అసిరమ్మ చాప పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, గుడిసె వెనక తాటిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. చెట్టు మొదలునుంచి పైకి మూడు కత్తిగాట్లు ఉన్నాయి. ఒకదానిమీద ఒకటి, మూరెడు మూరెడు ఎడంగా.

"మా లక్ష్ముడు ఎట్టేడు," అంది. లక్ష్ముడు ఆమె పెనిమిటి. వరద వచ్చిన మరుసటేడు చెట్టుమీంచి జారి చనిపోయాడు. "నన్నూ మనవరాల్నీ ఈ సెట్టే ఎక్కించి మోకుతో కట్టీసి, తను ఆ పైన కూకున్నాడు. ఏరు ఎక్కతన్నాదో దిగతన్నాదో తెలవాలి కదా. గీతకత్తితో నీటిమట్టానికి గాటెట్టేడు. అది మునిగిపోనాది. ఇంకోటెట్టేడు. అదీ మునిగిపోనాది. పైగాటు కాడికొచ్చి నిలబడిపోనాయి. కాసేపు అలగే సూసి, ఒసే, దిగతన్నాదే అన్నాడు."

"మిగతావాళ్ళో?"

"ఆల సెట్లు ఆలకున్నాయి. మా కోడలు ఆ పక్క సెట్టు కాడికి ఎల్లబోయింది." అసిరమ్మ చూపించిన చెట్టు పది అడుగుల దూరం కూడా లేదు. "అందనేదు."

జగన్నాధం కొలతబద్ద చెట్టుకి ఆనించాడు. రెండుసార్లు చూసుకున్నాడు. పైగాటు ఏడడుగుల రెండంగుళాలు. హాలండు వాళ్ళ పనిముట్లేవీ లేకుండా, ప్రాణం మీదికొచ్చిన ఒక మనిషి గీతకత్తితో చేసిన కొలత. నాగావళి పొడుగునా తను చూసినవాటిలో ఇంత నిఖార్సయినది మరొకటి లేదు. అలాంటిది ఉండగా గుర్తులు లేవని రాశాడు.

"నాలుగేళ్ళయింది. చెట్టు పెరిగి గాటు పైకి జరిగుంటుందని అంటారేమో," అన్నాడు.

"తాడిసెట్టు తలకాడ పెరుగుతాది గానీ మొదల్లో పెరుగుతాదేటి బాబూ? మోకేసి ఎక్కేవోళ్ళం, మాకు తెలీదా?" అంది అసిరమ్మ. "ఇది రాస్తే ఏటవుతాది?"

"కట్ట మీ పేటకి ముందునుంచి వస్తాది. మీరు లోపలుంటారు."

"అంటే మీ అయ్య, నాయుడు బాబు పొలంలోంచి."

జగన్నాధం పొలం వైపు చూశాడు. అసిరమ్మ వెనక్కి నడిచి చాప ముందు కూర్చుంది. "అయితే రాయవులే బాబూ," అంది. ఆ గొంతులో కోపం లేదు. వానొస్తాది, ఎండకాస్తాది అన్నట్టే అంది. తిట్టి ఉంటే బాగుండేదని జగన్నాధానికి అనిపించింది.

మూడో రోజు పది గంటలకి జీపు వచ్చింది. వెనక సీట్లో ఎర్రజెండాల కట్ట ఉంది. యాన్సెన్ గుమ్మం తగలకుండా వంగి నడిచేటంత పొడుగు మనిషి. వచ్చీ రాగానే టేపు తీసి గోడల వెంట పడ్డాడు. పదకొండు ఇళ్ళ ముందూ పసుపు తడితడిగా మెరుస్తోంది. అప్పలసూరి తెల్లారకముందే వీధంతా తిరిగి అందరిచేతా అలికించాడు. యాన్సెన్ ఫొటోలు తీసుకుంటూ, ఇంత చక్కటి వరద గుర్తులు ఏ దేశంలోనూ చూడలేదని ప్రొఫెసరుగారితో అన్నాడు. జానకిరామయ్యగారు శిష్యుడి వైపు గర్వంగా చూశారు. ఆ చూపు జగన్నాధానికి ముల్లులా గుచ్చుకుంది.

అప్పలసూరి ఇంటి ముందు జీపు బానెట్ మీద పటం పరిచారు. యాన్సెన్ వేలు ఎర్రగీత వెంట నడిచి, పేట దగ్గర ఆగింది.

"ఏటికి ఇంత దగ్గరగా ఉన్న ఈ పేటలో ఒక్క గుర్తూ లేదా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

అప్పలసూరికి ఇంగ్లీషు రాదు. వేలు ఎక్కడ ఆగిందో మాత్రం చూశాడు. కొడుకు మొహం వైపు చూశాడు. అవునండీ, లేదండీ అంటే సరిపోతుంది. మధ్యాహ్నానికి జీపు వెళ్ళిపోతుంది.

"గుర్తులుండడానికి వాళ్ళకి గోడలు లేవు," అన్నాడు.

ఒకసారి నోరు తెరిచాక ఆగలేదు. తాటిచెట్టు, మూడు గాట్లు, ఏడడుగుల రెండంగుళాలు, అన్నీ చెప్పాడు. వీధిలో తను రాసిన పదకొండు అంకెలూ తప్పే అనీ చెప్పాడు. జానకిరామయ్యగారి మొహం మాడిపోయింది. "పదకొండు గుర్తులకి ఎదురు ఒక్క చెట్టా? కొలిచింది నువ్వు, సంతకం పెట్టింది నువ్వు," అని తెలుగులోకి దిగారు.

చెట్టు అనే మాటతో అప్పలసూరికి సంగతి తెలిసిపోయింది. ప్రొఫెసరుగారి ముందుకొచ్చి, "సెట్టు పెరగదేటి బాబూ? గాటు దాంతో పాటు లేవదేటి?" అన్నాడు. తాడి మొదల్లో పెరగదని జగన్నాధం అంటే, పోగైన జనంలోంచి ఎవరో ఎగతాళిగా నవ్వారు.

యాన్సెన్ అందరి మొహాలూ చూశాడు. ఈ గోడకి గుర్తు పెట్టినవాళ్ళు ఎవరో వాళ్ళనే అడుగుదాం అన్నాడు. ప్రొఫెసరుగారు ఆ మాట తెలుగులో చెప్పారు. అప్పలసూరికి ప్రాణం లేచొచ్చింది.

"ఒసే, ఇలగ రా. నీళ్ళెక్కడికొచ్చాయో దొరకి సూపించు," అని ఇంట్లోకి కేక వేశాడు.

దేముడమ్మ తలుపు వెనకే ఉంది. అప్పటిదాకా మాటలన్నీ విన్నది. పసుపుగిన్నె పట్టుకుని, తలమీద కొంగు సర్దుకుని బయటికొచ్చింది. పరాయి మగవాళ్ళ ముందు నిలబడ్డం ఆమెకి అదే మొదలు. గోడమీది బొట్టు దాకా చెయ్యెత్తింది. జగన్నాధం తల దించుకున్నాడు. ఏం చూపించినా అమ్మని తప్పు పట్టలేడు. ఆమెకి అది కొలత కాదు, దేవత.

చెయ్యి గాల్లోనే ఆగింది. దేముడమ్మ మొగుడి వైపు ఒకసారి చూసింది. తర్వాత కుచ్చెళ్ళు బిగించి, మెట్ల పక్కన గొంతుకూర్చుంది. మూడు వేళ్ళు పసుపులో ముంచి, రోజూ అందరూ తొక్కే రెండో మెట్టు పైన, గుమ్మం అడుగున అద్దింది.

"తల్లీ, తప్పు కాయి," అని లెంపలు వేసుకుంది. తలెత్తకుండానే, "ఇక్కడికి వొచ్చాయి. ఆ పొద్దు నా పొయ్యి ఆరనేదు. పేటోళ్ళకి గంజి కాసింది నానే. ఆళ్ళ పిల్ల కొట్టుకుపోనాదని ఏడుస్తా తాగేరు," అంది.

ఎవరూ దాన్ని ఇంగ్లీషులో చెప్పలేదు. యాన్సెన్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ పసుపు ఎత్తు కొలిచాడు. పదకొండంగుళాలు. ఎదురింట్లో నారాయణమ్మ కాసేపు తటపటాయించి, తన గుమ్మం ముందు తనూ వంగింది.

యాన్సెన్ జేబులోంచి నీలం పెన్సిలు తీసి ఎర్రగీతని అడ్డంగా కొట్టేశాడు. కొత్త గీత గురించి హాలండుకి రాయాలి, హైదరాబాదు ఒప్పుకోవాలి, తను మాట ఇవ్వలేను అన్నాడు. ఈ గీత మీద మాత్రం ఒక్క జెండా కూడా పాతించను అన్నాడు. అప్పలసూరి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా పొలం వైపు వెళ్ళిపోయాడు.

తాటిచెట్టు చూడాలని యాన్సెన్ అంటే అందరూ పేటకి బయల్దేరారు. దేముడమ్మ పసుపుగిన్నె పట్టుకుని వాళ్ళ వెనకే నడిచింది. ఏటి దారిలో ఎన్నోసార్లు పోయింది గానీ పేటలో కాలు పెట్టడం ఇదే మొదటిసారి. గెడ్డపొలంలో అప్పలసూరి గట్టు మీద నిలబడి ఉన్నాడు. వీళ్ళని చూసి అటు తిరిగాడు.

అసిరమ్మ చాప వదిలేసి లేచి నిలబడింది. దేముడమ్మ చెట్టుకేసి చాలాసేపు చూసింది.

"నాలుగేళ్ళై తల్లికి ఇక్కడ బొట్టు నేదేటే?" అంది.

"మాకు గోడేదమ్మా ఎట్టడానికి?"

"ఇదే నీ గోడ." గిన్నె అసిరమ్మ చేతికిచ్చింది. "ఎట్టు. నీ ఇంటికి నువ్వే ఎట్టాలి."

అసిరమ్మ పసుపులో వేళ్ళు ముంచి, మునివేళ్ళ మీద నిలబడి చెయ్యి చాపింది. రెండో గాటు దాటి జానెడు పైకి వెళ్ళింది. పైగాటు అందలేదు. సాయం చేద్దామని యాన్సెన్ చెయ్యెత్తబోతే దేముడమ్మ వద్దని తలూపింది.

జగన్నాధం కొలతబద్ద పక్కన పెట్టి, చెట్టు మొదట్లో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ నేలకి ఆనించాడు.

"ఎక్కు," అన్నాడు.

"ఓలమ్మ, బుగత కొడుకు మీద కాలెడతానేటి?" అసిరమ్మ వెనక్కి జరిగింది. ఆమె కళ్ళు పొలంగట్టు మీదికి పోయాయి.

"ఎక్కవే," అంది దేముడమ్మ. "నాను సెప్తన్నాను. తల్లి ఎక్కడిదాకా వొస్తే అక్కడే ఎట్టాలి. నాకిప్పుడే తెలిసింది."

కాసేపటికి జగన్నాధం వీపు మీద ఒక పాదం ఆనింది. ఇసకలో నడిచి నడిచి బెరడులా మొరటెక్కిన పాదం. తర్వాత రెండోది. మనిషి బరువే లేదు. వంచిన తలకి పైన ఏం జరుగుతోందో అతనికి కనిపించలేదు. గాటులో వేళ్ళు రుద్దిన చప్పుడు వినిపించింది. మెడమీద తడిపసుపు చుక్క ఒకటి పడింది. చేతుల సందులోంచి చూస్తే దూరంగా గెడ్డపొలం గట్టు కనిపిస్తోంది. అప్పలసూరి ఇటే తిరిగి నిలబడి ఉన్నాడు. అక్కడినుంచి వెళ్ళిపోలేదు.